ట్రయల్

ముప్పై ఏళ్లుగా ఈ మాట నా నోట్లోనే ఉంది.
"శుక్రవారం ట్రయల్‌కి రండి, చంకల దగ్గర చూద్దాం."
బాలరాట్‌లో, స్టర్ట్ స్ట్రీట్ వెనక సందులో
మా ఆల్టరేషన్ల కొట్టుకొచ్చే పెళ్లికూతుళ్లు
కుట్టు పూర్తికాని గౌనులో, అద్దం ముందు
పక్కకి తిరిగి ఊపిరి బిగబట్టేవాళ్లు.
నా పెదాల మధ్య గుండుసూదులుండేవి.
అందుకే ఎవరికీ అబద్ధం చెప్పలేకపోయేదాన్ని.

మొన్న జూన్‌లో డాక్టరమ్మ అదే మాట అంది.
"ట్రయల్ ఒకటి ఉంది, సువర్చలా."
పేరుని మధ్యలో చింపి పలికింది.
నేను నవ్వాను. ఎందుకో ఆమెకి తెలియలేదు.

మొదటిది దొరికినట్టే దొరికి జారిపోయింది,
రెండు నెలల కింద వాడిన మందేదో అడ్డమొచ్చి.
"అర్హత లేదు." ఒక్కటే లైను.
రొమ్ములోంచి ఎముకలోకి పాకినదానికి కూడా
అర్హతలుంటాయని అప్పుడే తెలిసింది.
కొట్టు మూశాక ఓవర్‌లాక్ మిషను పక్కన కూర్చుని
మా అమ్మాయి కల్హార ఫోనులో వెతికి చదివేది:
ఏ దశ, ఏ రిసెప్టరు, ఎన్ని రకాల కీమో అయింది,
ఇంటి నుంచి ఎన్ని కిలోమీటర్లు.
బొత్తాలు కుడుతూ అవును, కాదు, అవును అంటూ పోయాను,
ఎవరికో సంబంధం చూస్తున్నట్టు.
ఆరోది మెల్‌బోర్న్‌లో. కుదిరింది.

ఇరవై ఆరు పేజీల అంగీకార పత్రం.
అంచు నుంచి అంచు దాకా వేలు పెట్టి చదివాను,
బట్టలో నేత తప్పు వెతికినట్టు.
"మీకు మేలు జరగకపోవచ్చు" అని నాలుగో పేజీలోనే ఉంది.
ఆ వాక్యం రాసినవాళ్ల మీద గౌరవం కలిగింది.
ఎప్పుడైనా మానుకోవచ్చట, కారణం చెప్పక్కర్లేదట.
ఇంత లూజు వదిలి కుట్టిన కాగితం నేనెప్పుడూ చూడలేదు.

రెండు ఆర్మ్‌లుంటాయంది బ్రోన్విన్, రీసెర్చ్ నర్సు.
ఒక చేతికి కొత్త మందు, ఒక చేతికి పాతది.
నాదే చెయ్యో కంప్యూటరు చీటీ తీస్తుంది.
డాక్టరమ్మ ఎంచదు, నేనెంచలేను.
కొలత తీసుకోకుండా చెయ్యి అతకడం
నా వృత్తిలో ఇదే మొదటిసారి చూడడం.

నాకు పాతది వచ్చింది.

తిరుగు రైల్లో బ్యాకస్ మార్ష్ దాకా
కిటికీకేసే చూస్తూ కూర్చున్నాను.
పక్క సీటులో లొరెయిన్. అరరాట్ దగ్గర గొర్రెలున్నాయి ఆవిడకి.
ఆవిడకి కొత్తది. అరచేతుల్లో చర్మం పొరలూడుతోంది.
ఒకరి అదృష్టం గురించి ఒకరం అడగలేదు.
థర్మాస్ మూతలో టీ పోసి ముందు నాకిచ్చింది.

మూడు వారాలకోసారి బ్రోన్విన్ నా ఎడమ చెయ్యి కొలుస్తుంది,
గ్రంథులు తీసేశాక వాచిపోయిన చెయ్యి.
మొదటిరోజు టేపు వంకరగా పట్టుకుంది.
"అలా కాదమ్మా" అని నేనే సరిచేశాను,
బొటనవేలు కిందకి పెట్టి, చర్మం నొక్కకుండా.
ఇరవై తొమ్మిదిన్నర సెంటీమీటర్లు.
ఆ అంకె నా పేరుతో పోదు, ఒక నంబరుతో పోతుంది,
నేనెన్నడూ చూడని ఏ గదికో.

పాత మందు లేకపోతే కొత్తదాన్ని దేన్నుంచి కొలుస్తారు?
టేపుకి సున్నా కూడా ఉండాలి కదా.
ఈ మాట నాకు నేనే చెప్పుకున్నాను.
కొన్ని రాత్రులు నమ్ముతాను.
కొన్ని రాత్రులు లేచి కూర్చుని కుట్లు విప్పుతాను,
ఏ తప్పూ లేని, మంచి కుట్లు.

నిన్నొక పిల్ల వచ్చింది, అక్టోబరులో పెళ్లట.
గౌను చంకల దగ్గర పట్టేస్తోంది.
"ఎన్ని ట్రయల్స్ అవసరమవుతాయి?" అంది.
"సరిపోయేదాకా" అన్నాను, గుండుసూదుల మధ్య నుంచే.
చేతులెత్తమన్నాను.
ఎత్తింది,
రెండూ, ఎంత తేలిగ్గానో.